రవ్వలో మచ్చ

పదిహేడో శతాబ్దంలో మన దేశానికి పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, దక్కన్ గనుల దగ్గర తాను చూసినదంతా రాసిపెట్టాడు. ఐరోపాలో ముడి వజ్రాన్ని పగటి వెలుగులో పరీక్షిస్తారు, ఇక్కడివాళ్లు రాత్రిపూట పరీక్షిస్తారు అంటాడు. గోడలో అడుగు పొడవు, అడుగు వెడల్పు గూడు చేసి, లావుపాటి వత్తి వేసిన దీపం అందులో పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని ఆ వెలుగులో దాని నీరు, లోపలి శుభ్రత తేల్చేవారట. చుట్టూ చీకటి, వెలుగు ఒక్క వైపు నుంచే. అలా చూస్తే పైపై తళుకు అణిగిపోయి, రాయి కడుపులో ఉన్న నలుసూ చీలికా పైకి తేలతాయి. ఇవాళ ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శిని కింద రాయి వెనక భాగం నల్లగా ఉంచి, పక్కల నుంచి వెలుగు పంపుతారు. మూడున్నర శతాబ్దాల కిందటి ఆ గూటిలో ఉన్న కిటుకూ అదే.

సాన పట్టేవాళ్ల గురించి కూడా తావెర్నియే రాశాడు. రాయి శుభ్రంగా ఉంటే పైనా కిందా సానకు కాస్త తాకించి వదిలేసేవారు. బరువు పోగొట్టుకోవడం వాళ్లకు ఇష్టం ఉండేది కాదు. అదే లోపల చిన్న చీలికో, నల్లటి ఎర్రటి ఇసుక నలుసో ఉంటే రాయి నిండా చిన్న చిన్న పలకలు తీర్చేవారు. పలకలు ఎక్కువైతే వెలుగు చెదిరి మచ్చ కంటికి దొరకదు. అంటే నగల కొట్లో రవ్వ చూసే మన కన్ను ఎక్కడ మోసపోతుందో గని ఒడ్డున కూర్చున్న ఆ పనివాడికి బాగా తెలుసు.

ఇంకా వెనక్కి వెళితే సంస్కృత రత్నపరీక్ష గ్రంథాలు వజ్రానికి ఐదు దోషాలు చెప్పాయి: మలం, బిందువు, యవ, రేఖ, కాకపదం. ఇవాళ ల్యాబ్‌లు వజ్రాలకు ఇచ్చే రిపోర్టుల్లో కనబడే మబ్బు, చుక్క, గింజ ఆకారపు స్ఫటికం, గీత, కొమ్మలు వేసిన చీలిక వీటికి చాలా దగ్గరగా ఉన్నాయి. చూసినవాళ్లు నిజంగానే చూశారు, ఓపికగా చూశారు. అయితే ఆ గ్రంథాలు ఒక్కో దోషానికీ ఒక్కో కీడు జత చేశాయి. ఆ భయం మన ఇళ్లలో ఇప్పటికీ ఉంది. నల్లమచ్చ ఉన్న రవ్వ అచ్చిరాదంటారు. ముక్కుపుడక కొనేముందు రాయిని కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని చూసేవాళ్లున్నారు. ఆ నమ్మకంతో నాకు పేచీ లేదు. కానీ ఆ మచ్చ ఏమిటో తెలిశాక దాన్ని చూసి భయపడటం కష్టం. తెలియకపోతే మాత్రం నష్టం ఉంది. భయం ఉన్నచోట బేరం మన చేతిలో ఉండదు.

వజ్రాలు చాలావరకు భూమిలోపల 150 నుంచి 200 కిలోమీటర్ల లోతున పుట్టాయి. అక్కడి ఒత్తిడి మన గాలి ఒత్తిడికి సుమారు యాభై వేల రెట్లు, వేడి వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. కార్బన్ పరమాణువులు ఒక్కొక్కటిగా చేరి స్ఫటికం పెరుగుతుంటే, చుట్టుపక్కల ఉన్న వేరే ఖనిజాల రేణువులు అందులో చిక్కుకుపోతాయి. ఊదా ఎరుపు గార్నెట్, లేతాకుపచ్చ ఆలివిన్, నల్లటి క్రోమైట్, లోహపు మెరుపున్న సల్ఫైడ్‌లు తరచూ దొరికేవి. ఆ తరవాత కింబర్లైట్ అనే శిలాద్రవం వజ్రాలను మోసుకుని గంటల్లోనో కొద్ది రోజుల్లోనో పైకి దూసుకొస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గరున్న కింబర్లైట్ గొట్టాలు అలా సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట వచ్చినవే. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని రాళ్లు వెతకడం ప్రతి ఏడాదీ చూస్తూనే ఉన్నాం.

పైకి వచ్చేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. లోపల ఇరుక్కున్న ఖనిజం వ్యాకోచిస్తానంటుంది, చుట్టూ ఉన్న వజ్రం కదలనివ్వదు. ముఖ్యంగా సల్ఫైడ్ నలుసు చుట్టూ వజ్రం పళ్లెంలా గుండ్రంగా చిట్లుతుంది. ఆ చిట్లిన చోట కొంచెం కార్బన్ గ్రాఫైట్‌గా మారి నల్లబడుతుంది. అందుకే అసలు నలుసు కంటే దాని చుట్టూ ఉన్న నలుపు పెద్దదిగా కనిపిస్తుంది. నగల కొట్లో నల్లచుక్క చూపించి ‘కార్బన్ స్పాట్’ అంటారు గానీ చాలాసార్లు దాని నడుమ ఉన్నది ఇనుము, నికెల్, గంధకం కలిసిన ఖనిజం. వజ్రం ఎలాగూ మొత్తం కార్బనే. మంచి సూక్ష్మదర్శిని కింద చూస్తే ఆ నల్లటి పళ్లెం అంచు నెరసి ఉంటుంది, నడుమ ఇత్తడి రంగు తళుక్కుమంటుంది. దాన్ని ఒకసారి చూసినవాళ్లు మరిచిపోరు.

ఈ నలుసులే లేకపోతే వజ్రం వయసు మనకు తెలిసేది కాదు. శుద్ధ కార్బన్‌లో కోట్ల ఏళ్లు లెక్కపెట్టడానికి ఆధారం ఏదీ ఉండదు. గార్నెట్‌లో ఉంటుంది. సమారియం అనే మూలకం నెమ్మదిగా నియోడిమియంగా మారుతుంది, ఆ రెంటి పాళ్లు కొలిస్తే కాలం తెలుస్తుంది. 1984లో స్టీఫెన్ రిచర్డ్‌సన్ బృందం దక్షిణాఫ్రికా వజ్రాల్లోంచి గార్నెట్ రేణువులు తీసి కొలిస్తే 320 నుంచి 330 కోట్ల ఏళ్లు తేలింది. మచ్చలేని రాయిని ఆ ప్రశ్న అడిగి లాభం లేదు.

ఇంకో రాయి కథ నాకు అంతకంటే ఇష్టం. బ్రెజిల్‌లోని జుయినా ప్రాంతంలో గోధుమరంగు వజ్రం ఒకటి దొరికింది. అమ్మకానికి పనికిరానిది, సుమారు 20 డాలర్లకు కొన్నారు. గ్రాహమ్ పియర్సన్ బృందం దాన్ని పరీక్షిస్తే లోపల కంటికి కనబడనంత రింగ్‌వుడైట్ రేణువు బయటపడింది. అది భూమిలోపల సుమారు 520 కిలోమీటర్లకూ 660 కిలోమీటర్లకూ మధ్య మాత్రమే నిలిచే ఖనిజం. అంతకుముందు ఉల్కల్లో దొరికింది, ప్రయోగశాలల్లో తయారైంది తప్ప భూగర్భం నుంచి వచ్చిన నమూనాను ఎవరూ చూడలేదు. దాని బరువులో ఒక శాతానికి పైగా నీరు ఉంది. భూమి లోతుల్లో నీరుందనడానికి చేతికందిన రుజువు అది. 2014లో ఆ ఫలితం అచ్చయింది. నగల లెక్కలో అట్టడుగు మెట్టయిన ఐ3 కిందకి కూడా తీసుకోని రాయి!

మరి కొన్ని రాళ్లు అంత శుభ్రంగా ఎందుకున్నాయి? 1934లో రాబర్ట్‌సన్, ఫాక్స్, మార్టిన్ అనే శాస్త్రవేత్తలు వజ్రాలను రెండు రకాలుగా విడదీశారు. ఇప్పటి లెక్కలో నత్రజని ఉన్నవి మొదటి రకం, దాదాపు లేనివి రెండోది. మన కోహినూర్, దక్షిణాఫ్రికా కలినన్ రెండో రకంలోని ‘2ఎ’ తరగతివి. ఇలాంటి పెద్ద, శుభ్రమైన రాళ్లను సాన పట్టగా మిగిలిన ముక్కలు సేకరించి ఎవాన్ స్మిత్ బృందం పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో ఇనుము, నికెల్, కార్బన్, గంధకం కలిసి గడ్డకట్టిన లోహపు నలుసులు ఉన్నాయి. అంటే అవి మామూలు వజ్రాల కంటే ఎంతో లోతున, 360 నుంచి 750 కిలోమీటర్ల మధ్య, కరిగిన లోహంలో పెరిగినవన్నమాట. ఆ సంగతి తేల్చింది కూడా సానవాళ్లు కోసి పారేసిన మచ్చలే.

కొల్లూరు వజ్రాల గని ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. కృష్ణ ఒడ్డున ఆ గనిలో దొరికిందని భావిస్తున్న నీలి వజ్రాన్నే తావెర్నియే ఫ్రాన్సు రాజుకు అమ్మాడు. దాని నుంచి తయారైందే 45.52 క్యారట్ల హోప్ డైమండ్. దాన్ని 1988లో గ్రేడ్ చేస్తే వచ్చినది వీఎస్1. మచ్చలేనిది కాదు, లోపల తెల్లటి పెరుగుదల గీతలు ఉన్నాయి. వాషింగ్టన్ మ్యూజియంలో దాని ముందు నిలబడిన కోట్ల మందిలో ఆ గీతలు చూసినవారు బహుశా ఎవరూ లేరు.

వీఎస్1 అంటే ఏమిటో ఇప్పుడు చెప్పుకోవాలి. వెనకటి వర్తకులు ఎవరికి తోచిన పేర్లు వాళ్లు వాడేవారు. 1953లో అమెరికాలోని జీఐఏ సంస్థలో రిచర్డ్ లిడికోట్ ఒక వరస ఏర్పరిచాడు. ఇవాళ అందులో పదకొండు మెట్లు. లోపలా పైనా ఏమీ లేనిది ఎఫ్‌ఎల్, లోపల ఏమీ లేనిది ఐఎఫ్, ఆపైన వీవీఎస్1, వీవీఎస్2, వీఎస్1, వీఎస్2, ఎస్‌ఐ1, ఎస్‌ఐ2, చివర ఐ1, ఐ2, ఐ3. ఇవన్నీ పది రెట్లు పెద్దది చేసి చూసినప్పుడు, తర్ఫీదు ఉన్న కంటికి ఆ మచ్చ ఎంత సులువుగా దొరికిందన్న దాన్ని బట్టి ఇచ్చేవి. మచ్చ ఎంత పెద్దది, ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉంది, ఏ రకం, ఎంత ముదురుగా ఉంది అన్న ఐదూ కలిపి తీర్పు చెబుతారు.

ఇక్కడ మన కంటి లెక్క ఒకటి ఉంది, కొనేవాళ్లకు ఎవరూ చెప్పనిది. మంచి చూపున్నవారు పాతిక సెంటీమీటర్ల దూరంలో సుమారు 0.07 మిల్లీమీటర్ల కంటే చిన్న వివరాన్ని విడిగా పోల్చుకోలేరు. అది మామూలు తలవెంట్రుక మందం. ముదురు నలుసైతే ఇంకాస్త చిన్నదైనా అనుమానంగా తగలొచ్చు. లూప్ అనే పది రెట్ల చేతి భూతద్దం ఆ హద్దును 0.007 మిల్లీమీటర్లకు దించుతుంది. వీవీఎస్, వీఎస్ మెట్లు చాలావరకు ఈ రెండు హద్దుల మధ్యనే ఉన్నాయి. అంటే వీవీఎస్1కూ వీఎస్2కూ ఉన్న తేడా లూప్‌కు తెలుస్తుంది, పెళ్లిలో మీ ఎదుట నిలబడ్డ చుట్టానికి తెలియదు, అద్దంలో చూసుకునే మీకూ తెలియదు. ధరలో మాత్రం తేడా గట్టిగానే ఉంటుంది.

ఏడు రాళ్ల కమ్మలు తీసుకోండి. ఒక్కో రవ్వ పది సెంట్లు, అంటే 0.10 క్యారట్, 20 మిల్లీగ్రాములు. వెడల్పు మూడు మిల్లీమీటర్లు. అందులో వీవీఎస్ కావాలని పట్టుబట్టి డబ్బు పోసేవారిని చూస్తే నాకు బాధేస్తుంది. ఆ డబ్బు కోత మీద పెట్టాలి. వజ్రం లోపల తిరిగే కిరణం ఒక ముఖానికి నిలువుగా గీసిన గీతతో 24.4 డిగ్రీల కంటే ఎక్కువ కోణం చేస్తే బయటికి పోలేదు, మొత్తం వెనక్కి తిరుగుతుంది. అడుగు పలకల వాలు సరిగ్గా ఉంటే పైనుంచి దిగిన వెలుగు రెండుసార్లు తిరిగి మళ్లీ పైకే వస్తుంది. వాలు తప్పితే అడుగునుంచి కారిపోతుంది. కోత చెడిన ఐఎఫ్ రాయి గాజుపెంకులా నిర్జీవంగా ఉంటుంది. కోత కుదిరిన ఎస్‌ఐ1 నాలుగడుగుల దూరం నుంచి పలకరిస్తుంది. 1851లో లండన్ ప్రదర్శనలో కోహినూర్‌ను చూసి జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది 191 క్యారట్ల రాయిని 105.6కు తగ్గించి మళ్లీ సాన పట్టించారు.

అలాగని మచ్చలన్నీ ఒకటే అనను. గ్రేడు అక్షరం కంటే మచ్చ రకమూ చోటూ ముఖ్యం. పైన బల్లపరుపుగా ఉన్న పెద్ద ముఖాన్ని టేబుల్ అంటారు. దాని నడిమిన నల్ల నలుసు ఉంటే అడుగు పలకల్లో ప్రతిబింబాలు పడి ఒకటి ఐదారుగా కనిపిస్తుంది. అదే నలుసు తెల్లగా ఉండి అంచువైపు ఉంటే, రాయిని పట్టి ఉంచే బంగారు కొక్కెం దాన్ని కప్పేస్తుంది. రెండు రాళ్లకూ ఎస్‌ఐ1 అనే రాసి ఉండవచ్చు. రెండోదాన్ని ఎంచుకోండి. ఎమరాల్డ్ కట్ లాంటి పొడవాటి పలకల రాయిలో లోపలిదంతా స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ ఒక మెట్టు పైకి వెళ్లడంలో అర్థముంది. గుండ్రటి బ్రిలియంట్ కోతలో అక్కర్లేదు.

మబ్బు అంటే విడిగా కనిపించని సన్నటి చుక్కల గుంపు. చిన్నదైతే ఏ ఇబ్బందీ లేదు. ఎస్‌ఐ2లో గ్రేడు మబ్బు వల్లే వచ్చిందని రాసి ఉంటే ఆగి చూడాలి. ఏ ఒక్క మచ్చా కనిపించకపోయినా రాయి మొత్తం పాలు కలిపినట్టు మసకబారి ఉండవచ్చు. పక్కన మంచి రాయి ఒకటి పెట్టించుకుని పోల్చడం తప్ప దానికి వేరే దారి లేదు.

చీలికను రిపోర్టులో ఫెదర్ అంటారు. వజ్రం కంటే గట్టిది లేదన్న మాట గీతల విషయంలో నిజం. దెబ్బ సంగతి వేరు. స్ఫటికంలో నాలుగు దిక్కుల్లో పరమాణువుల పొరల మధ్య పట్టు తక్కువ, ఆ వరసన దెబ్బ పడితే కట్టె పేడులా చీలుతుంది. సానవాళ్లు ముడిరాయిని చీల్చేది అలాగే. కాబట్టి అంచుదాకా, అంటే గర్డిల్‌ను తాకేదాకా వచ్చిన ఫెదర్ ఉంగరంలో వద్దు. ఉంగరం తలుపుకూ గట్టుకూ రోజూ తగులుతుంది. పైగా పొదిగేటప్పుడు కొక్కెం బిగించేది ఆ అంచు మీదే. చెవి కమ్మలకైతే దెబ్బ తక్కువ, లోపలే ఆగిన చిన్న ఫెదర్ గురించి నిద్ర పోగొట్టుకోనక్కర్లేదు.

మచ్చను మాయం చేసే ఉపాయాలు తెలుసుకోకపోతే మాత్రం నిజంగా నష్టపోతాం. ఒకటి లేజర్‌తో వెంట్రుక కంటే సన్నటి రంధ్రం చేసి, ఆమ్లం పంపి నలుపును తెల్లబరచడం. పక్కనుంచి చూస్తే టేబుల్ మీంచి దిగిన తెల్లటి దారం కనిపిస్తుంది. ఇది శాశ్వతమే, రిపోర్టులో రాస్తారు, ధర తగ్గాలి. రెండోది పైదాకా వచ్చిన చీలికలో గాజులాంటి పదార్థం నింపడం. రాయిని అటూ ఇటూ తిప్పితే చీలిక వెంట నారింజ, నీలం రంగులు ఒకదాని తరవాత ఒకటి మెరుస్తాయి. ఈ నింపుడు నిలవదు. కంసాలి ఊదుగొట్టంతో వేడి చేసినా, కొన్ని శుభ్రపరిచే యంత్రాల్లో పెట్టినా బయటికి వస్తుంది, దాగిన చీలిక మళ్లీ తేలుతుంది. అందుకే జీఐఏ అలాంటి రాళ్లకు గ్రేడే ఇవ్వదు. కొనేటప్పుడు ‘చీలికలు నింపలేదు’ అని బిల్లు మీద రాయమని అడగడం మన హక్కు. రాయడానికి వెనకాడే కొట్టులో కొనవద్దు.

మన దగ్గర ఇంకో గందరగోళం ఉంది. నగ మీద బీఐఎస్ హాల్‌మార్క్, ఆరక్షరాల హెచ్‌యూఐడీ చూసి రవ్వలకు కూడా పూచీ దొరికిందనుకుంటారు. ఆ ముద్ర బంగారం స్వచ్ఛతకు మాత్రమే. రాయికి వేరే రిపోర్టు కావాలి. అది కూడా విడి రాయిగా ఉన్నప్పుడు గ్రేడ్ చేసినదై ఉండాలి. పొదిగాక బంగారం రాయి అంచులను, అడుగును కప్పేస్తుంది, లోపలిదంతా చూడటం కుదరదు. రంగుకు ‘ఈఎఫ్’, శుభ్రతకు ‘వీవీఎస్’ అని నగ మొత్తానికి ఒకే చీటీ ఇస్తే, పదుల కొద్దీ చిన్న రవ్వలను గుంపుగా చూసి చెప్పిన అంచనాగా దాన్ని తీసుకోవాలి. వెనక మూసేసిన పాత తరహా కట్టడాలకైతే చీటీ కంటే కొట్టు మాటే ఎక్కువ. పాతిక, ముప్పై సెంట్లు దాటిన ప్రతి రాయికీ విడి రిపోర్టు అడగండి. గర్డిల్ మీద లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటే రిపోర్టు నంబరుతో లూప్ కింద సరిచూడండి.

ల్యాబ్‌లో పెంచిన వజ్రాలకు వాటి మచ్చలు వాటికున్నాయి. అధిక ఒత్తిడి పద్ధతిలో పెరిగినవాటిలో కరిగిన లోహం నలుసులుగా మిగిలిపోతుంది. అవి ఎక్కువైతే రాయి అయస్కాంతానికి కదులుతుంది కూడా. వాయువు నుంచి పొరలుగా పెంచినవాటిలో సన్నటి నల్లచుక్కలు కనిపిస్తాయి. అక్కడ గార్నెట్ ఉండదు, ఆలివిన్ ఉండదు. నిజమైన గార్నెట్ నలుసు ఉన్న రాయి గనిదే అనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

కొట్లో చూసే పద్ధతి చెప్తాను. ముందు రాయిని తుడిపించండి, వేలి జిడ్డు చుక్క అచ్చం మచ్చలాగే ఉంటుంది. కొట్టు లైట్లు రాయిని మెరిపించడానికి పెట్టినవి, కాబట్టి కిటికీ దగ్గరికో నీడలోకో తీసుకెళ్లండి. ముందు లూప్ లేకుండా, అర చెయ్యి దూరంలో, పైనుంచీ పక్కనుంచీ చూడండి. ఏమీ కనబడకపోతే ఆ రాయి మీ కంటికి శుభ్రమైనదే, అక్షరం ఏదైనా. ఆ తరవాత పది రెట్ల లూప్ తీసుకోండి. కొత్తవాళ్లు దాన్ని రాయి దగ్గర పెట్టి తాము దూరంగా ఉంటారు. లూప్ కంటికి ఆనించాలి, రాయి దానికి రెండున్నర సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. రెండు చేతులూ ఒకదానికొకటి ఆనించుకుంటే వణుకు ఉండదు. ముందు టేబుల్ లోంచి, తరవాత రాయిని తిప్పి అడుగువైపు నుంచి, చివరికి అంచు చుట్టూ చూడండి. లోపలి నలుసా, పైనున్న దుమ్మా అన్న సందేహం వస్తే రాయిని కొద్దిగా వాల్చండి. పై ముఖం స్పష్టంగా ఉండి నలుసు మసకగా ఉంటే అది లోపలిది.

పెద్ద రాళ్ల పూర్తి రిపోర్టులో మచ్చల పటం ఒకటి గీసి ఉంటుంది. లోపలివి ఎర్ర సిరాతో, పైవి ఆకుపచ్చతో. దాన్ని పక్కన పెట్టుకుని లూప్ కింద రాయిలో ఒక్కొక్కటీ వెతికి పట్టుకోండి. రెండు నలుసులు గుర్తుపెట్టుకుంటే చాలు, ఒకటి టేబుల్ కింద, ఒకటి అంచు పక్కన. రేపు కొక్కెం వదులైందని, మెరుగు పెట్టించాలని నగ కొట్లో ఇవ్వక తప్పదు. ఇచ్చేముందు ఆ రెంటినీ కొట్టువాళ్లకు చూపించి రసీదు మీద రాయించండి. తిరిగి తీసుకునేటప్పుడు అవి అక్కడే ఉన్నాయో లేదో లూప్ అడిగి తీసుకుని చూశాకే సంతకం పెట్టండి.